పోయిన బిడ్డ పేరిట ఇచ్చిన డబ్బు ఎక్కడికి వెళ్తుంది?

మన ఊళ్లలో బస్టాండు దగ్గరి సిమెంటు బల్ల మీద, బడిలో ఫ్యాను రెక్క మీద, గుడి మెట్ల పక్కన పాలరాతి పలక మీద పేర్లు కనిపిస్తాయి. ‘కీర్తిశేషులు ఫలానావారి జ్ఞాపకార్థం’ అని. ఎక్కువగా అవి తాతల పేర్లు, నాయనమ్మల పేర్లు. చదివీ చదవనట్టు చూసి కూర్చుంటాం. ఎప్పుడో ఒకసారి పుట్టిన ఏడాదికీ పోయిన ఏడాదికీ మధ్య ఆరేళ్లో ఎనిమిదేళ్లో మాత్రమే కనిపిస్తే, కూర్చోబోయినవాళ్లం ఆగిపోతాం. ఆ బల్ల వేయించిన తల్లిదండ్రులకు బల్లతో పని లేదు. బిడ్డ పేరు నిలవడానికి ఒక చోటు కావాలి, అంతే.

క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న కుటుంబాలు కొన్ని దేశాల్లో మరో చోటు వెతుక్కున్నాయి. బిడ్డను తీసుకుపోయిన జబ్బు మీదే పరిశోధన జరగాలని డబ్బు కూడబెట్టి ఇస్తున్నాయి. అమెరికాలో ఇలా పుట్టిన చిన్నా పెద్దా సంస్థలు వందల్లో ఉన్నాయి. బల్ల అయితే కంటికి కనిపిస్తుంది, ఎండకు అలసిన వాళ్లెవరో కూర్చుంటారు. పరిశోధన అలా కనిపించదు. ఇచ్చిన డబ్బు ఏమైందో, దానివల్ల ఎవరి బిడ్డయినా గట్టెక్కిందో లేదో ఇచ్చినవాళ్లకు ఏళ్ల తరబడి తెలియదు. పైగా ఒక మందును తయారుచేసి పిల్లల దాకా తేవడానికి అయ్యే ఖర్చు ముందు ఈ విరాళాలు ఏనుగు దాహానికి చూరునీళ్లే.

అయినా ఆ చూరునీళ్లు కొన్నిసార్లు సరిగ్గా చేరవలసిన చోటికి చేరాయి. అది ఎలా జరిగిందో తెలిస్తే, మన దగ్గర ఎవరైనా అలాంటి పని తలపెట్టినప్పుడు డబ్బు ఎటు పంపాలో కూడా తెలుస్తుంది. అందుకే దీన్ని ఒక పిల్ల కథతో మొదలుపెడుతున్నాను.

అలెగ్జాండ్రా స్కాట్ 1996 జనవరిలో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో పుట్టింది. అందరూ అలెక్స్ అనేవారు. మొదటి పుట్టినరోజు రాకముందే న్యూరోబ్లాస్టోమా అని తేలింది. నరాలుగా ఎదగవలసిన లేత కణాలు దారి తప్పి కణితిగా పెరగడం ఈ జబ్బు స్వభావం. చాలామందిలో మూత్రపిండాల పైన ఉండే గ్రంథుల్లో మొదలవుతుంది. నాలుగేళ్లు నిండిన మర్నాడే మూలకణాల మార్పిడి కోసం ఆసుపత్రిలో చేరింది. ఇంటికి వెళ్లాక నిమ్మరసం దుకాణం పెట్టుకుంటానని అక్కడే తల్లికి చెప్పింది. ఆ దేశంలో వేసవిలో పిల్లలు ఇంటి ముందు బల్ల వేసుకుని నిమ్మరసం అమ్మడం మామూలే. వచ్చిన చిల్లరతో బొమ్మలు కొనుక్కుంటారు. ఈ పిల్ల మాత్రం ఆ డబ్బు తనకు వద్దంది. తనకు సాయం చేసినట్టే మిగతా పిల్లలకూ చేయమని డాక్టర్లకు ఇస్తానంది. 2000లో అన్న తోడుగా బల్ల వేసింది. 2,000 డాలర్లకు పైగా వచ్చింది.

ఒంట్లో ఓపిక తగ్గుతున్నా ఏటా ఆ బల్ల వేస్తూనే వచ్చింది. కుటుంబం వైద్యం కోసం ఫిలడెల్ఫియా వైపు మారింది, బల్ల కూడా వెంట వెళ్లింది. 2004 జూన్ నాటికి దేశం నలుమూలలా పిల్లలు ఆమె కోసం బల్లలు వేశారు. ఆ ఏడాది ఆగస్టు 1న అలెక్స్ కన్నుమూసింది. అప్పటికి ఎనిమిదేళ్లు, పోగైన మొత్తం పది లక్షల డాలర్లు. తల్లిదండ్రులు 2005లో దాన్ని ఒక సంస్థగా నిలబెట్టారు. ఇప్పటికి వెయ్యికి పైగా పరిశోధనలకు ఆ సంస్థ డబ్బిచ్చింది. నన్ను పట్టుకున్నది ఈ లెక్క కాదు. ఆ నిధి ఒక చనిపోయిన పాప జ్ఞాపకంగా పుట్టలేదు, బతికున్న పాప కోరికగా పుట్టింది. తల్లిదండ్రులు చేసింది ఆ కోరికను ఆపకుండా కొనసాగించడం.

ఇక్కడ ఎవరికైనా ఒక సందేహం వస్తుంది. అంత సంపన్న దేశంలో, క్యాన్సర్ పరిశోధనకు ప్రభుత్వమే భారీగా ఖర్చు పెడుతున్న చోట, పిల్లల జబ్బుకు నిమ్మరసం అమ్మాల్సిన అవసరం ఏమొచ్చింది?

మొదటి కారణం సంఖ్య. అమెరికాలో ఇరవై ఏళ్లలోపు వారిలో ఏటా దాదాపు 15,000 మందికి క్యాన్సర్ వస్తుంది. ఒక్క ఊపిరితిత్తుల క్యాన్సరే పెద్దవాళ్లలో ఏటా రెండు లక్షలు దాటుతుంది. ఆ 15,000 కూడా ఒకే జబ్బు కాదు. రక్త క్యాన్సర్లు, మెదడు కణితులు, ఎముకల్లో వచ్చేవి, కంటిలో వచ్చేవి అన్నీ విడివిడి. ఒక్కోదానికి మిగిలేది కొన్ని వందల మంది పిల్లలు. వందల మంది కోసం కొత్త మందు చేస్తే పెట్టుబడి తిరిగి రాదని కంపెనీలకు తెలుసు. వాళ్లను తిట్టి ప్రయోజనం లేదు. సంత లేని సరుకు ఎవరూ పండించరు.

రెండో కారణం జబ్బు స్వభావం. పెద్దవాళ్ల క్యాన్సర్ చాలావరకు ఏళ్ల తరబడి పొగ, ఎండ, వయసు చేసిన గాయాలు పోగై వచ్చేది. పిల్లల క్యాన్సర్ శరీరం ఎదిగే క్రమంలోనే ఎక్కడో జరిగిన పొరపాటు. అందులో జన్యువుల మార్పులు కూడా తక్కువే ఉంటాయి. ఏ తల్లీ ఏదో పెట్టడంవల్లో పెట్టకపోవడంవల్లో వచ్చింది కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే, ఎందుకంటే అలా కుమిలిపోతున్న తల్లులు ఇప్పటికీ ప్రతి వార్డులో ఉన్నారు. స్వభావం వేరు కాబట్టి పెద్దవాళ్ల కోసం చేసిన మందును మోతాదు తగ్గించి పిల్లలకు ఇస్తే సరిపోదు. విడిగా పరిశోధన కావాలి.

అమెరికా ఉద్యమాల్లో తరచూ వినిపించే ఒక మాటను ఇక్కడే విడదీసి చూడాలి. జాతీయ క్యాన్సర్ సంస్థ ఖర్చు పెట్టే ప్రతి వంద డాలర్లలో పిల్లల వాటా నాలుగేనని కుటుంబాలు అంటాయి. పిల్లల క్యాన్సర్ అని పేరు పెట్టి కేటాయించిన వాటిని లెక్కిస్తే దాదాపు అంతే వస్తుంది. కానీ కణం ఎలా విభజన చెందుతుంది, రోగనిరోధక శక్తి కణితిని ఎలా గుర్తుపడుతుంది లాంటి మౌలిక పరిశోధనకు వయసు పేరు పెట్టరు. దాని ఫలం పిల్లలకూ అందుతుంది. కాబట్టి ఆ అంకె అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు. నా దృష్టిలో గట్టి ప్రశ్న ఎంత ఇచ్చారన్నది కాదు, ఏ దశలో ఇచ్చారన్నది.

ఆ దశ గురించి చెప్పాలంటే ఒక యువ శాస్త్రవేత్తను ఊహించుకోండి. అతని దగ్గర కొత్త ఆలోచన ఉంది. ప్రభుత్వ నిధికి దరఖాస్తు పెడితే, ఇది పనిచేస్తుందనడానికి తొలి ఫలితాలు చూపించమంటారు. ఫలితాలు రావాలంటే ఎలుకలు, రసాయనాలు, చేతికింద ఒక మనిషి జీతం, వీటన్నిటికీ ముందు డబ్బు కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. బిడ్డల పేరిట పోగైన డబ్బు బాగా పనిచేసేది సరిగ్గా ఇక్కడ. అది నారుమడికి పెట్టే ఖర్చు. నారు చేతికొస్తే పొలమంతా నాటడానికి ప్రభుత్వమో కంపెనీయో ముందుకొస్తుంది. నారే పోయకపోతే పొలం బీడుగా ఉంటుంది.

న్యూరోబ్లాస్టోమాలోనే దీనికి ఉదాహరణ ఉంది. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో యేల్ మోసే అనే డాక్టర్, ఒకే కుటుంబంలో ఒకరికి మించి ఈ జబ్బు వచ్చిన వాళ్లను పరిశీలించారు. ఏఎల్‌కే అనే జన్యువులో మార్పే కారణమని ఆమె బృందం 2008లో ప్రకటించింది. ఆమె పనికి తొలినాళ్లలో ఊతమిచ్చిన వాటిలో అలెక్స్ సంస్థ ఒకటి. కొందరు పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్యాన్సర్లోనూ ఇదే జన్యువు చెడుతుందని దానికి ముందు ఏడాదే తేలింది. అంటే పెద్దవాళ్ల కోసం తయారవుతున్న మందును పిల్లల్లో ప్రయత్నించడానికి దారి దొరికింది. మొదటి మందు అనుకున్నంత చేయలేదు. తర్వాతి తరం మందు లోర్లాటినిబ్‌తో, జబ్బు తిరగబెట్టిన పిల్లల్లో కొందరికి కణితులు తగ్గాయని 2023లో వెలువడింది. 2008కీ 2023కీ మధ్య పదిహేనేళ్లు. పరిశోధనకు డబ్బిచ్చేవాళ్లు మనసులో పెట్టుకోవలసిన కాలమానం ఇది.

డబ్బు ఒక్కటే సరిపోని జబ్బు కూడా ఉంది. డిఐపీజీ అంటారు. మెదడును వెన్నుపాముతో కలిపే కాండంలో, ఊపిరినీ మింగడాన్నీ నడిపే చోట, మామూలు కణాల మధ్య ఇసుకలో చక్కెర కలిసినట్టు పెరుగుతుంది. కోసి తీయడానికి వీల్లేదు. ఎక్కువగా ఐదు నుంచి పదేళ్ల పిల్లలకు వస్తుంది. నడక తడబడుతుంది, కన్ను పక్కకు తిరుగుతుంది, ముఖం ఒకవైపు జారుతుంది. చాలామంది ఏడాది దాటరు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూతురు కారెన్ మూడేళ్లు నిండకముందే 1962 జనవరిలో ఈ జబ్బుతోనే పోయింది. ఆమెకు ఇచ్చింది రేడియేషన్. ఆమె తండ్రి చంద్రుడి మీద నడిచి వచ్చిన నలభై ఏళ్ల తర్వాత కూడా డాక్టర్లు తల్లిదండ్రులకు చెప్పగలిగింది అదే రేడియేషన్, కొన్ని నెలల ఊరట.

ఇన్నాళ్లూ ఎందుకు కదలలేదు? పరిశోధించడానికి కణితి ముక్కే లేదు. కాండంలోంచి ముక్క తీయడం ప్రమాదమని దశాబ్దాల పాటు డాక్టర్లు ఆ జోలికే పోలేదు. ఈ ముడి విప్పింది తల్లిదండ్రులు. బిడ్డ పోయిన కొన్ని గంటల్లోనే కణితిని పరిశోధనకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ సంతకం పెట్టిన చేతుల గురించి ఆలోచిస్తే నాకు మాట రాదు. స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ మోంజే అనే డాక్టర్ అలా అందిన కణితి నుంచి కణాలను ప్రయోగశాలలో బతికించి పెంచగలిగారు, 2011లో ఆ వివరాలు ప్రచురించారు. మరుసటి ఏడాది వేర్వేరు బృందాలు ఈ కణితుల్లో హిస్టోన్ అనే ప్రొటీనుకు చెందిన జన్యువులో ఒకే రకమైన మార్పును పట్టుకున్నాయి. 2018 నాటికి ఆ కణాల మీద జీడీ2 అనే గుర్తు దట్టంగా ఉందని తెలిసింది. రోగి సొంత రక్తకణాలకు ఆ గుర్తును వేటాడటం నేర్పి తిరిగి ఎక్కించే చికిత్సను 2020 నుంచి మనుషుల్లో పరీక్షిస్తున్నారు. 2024లో ప్రచురించిన ఫలితాల్లో పదకొండు మందిలో ఒకరికి కణితి పూర్తిగా కనిపించకుండా పోయింది. పదకొండులో ఒకరు. అంతకుముందు ఆ అంకె దాదాపు సున్నా.

2025 ఆగస్టులో ఈ హిస్టోన్ మార్పు ఉన్న కణితులకు డోర్డావిప్రోన్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. పరీక్షించిన వారిలో ఐదింట ఒక వంతుకు కాస్త ఎక్కువమందిలో కణితి తగ్గింది. ఇది నయం చేసే మందు కాదు. తలుపు మాత్రం తెరుచుకుంది.

ఈ జబ్బుకు పిల్లలు తక్కువ, సంస్థలు ఎక్కువ. ప్రతి కుటుంబమూ తన బిడ్డ పేరిట విడిగా నిధి పెడితే ఒక్కోదాని దగ్గర పోగయ్యేది ఏ ప్రయోగానికీ చాలదు. సిన్సినాటి నగరంలో ఎలీనా అనే ఆరేళ్ల పాప 2007లో ఈ జబ్బుతో పోయింది. మాట పడిపోతున్న రోజుల్లో చిన్న చిన్న చీటీలు రాసి పుస్తకాల మధ్య, సొరుగుల్లో, సంచుల్లో దాచింది. ఆమె పోయాక ఎన్నాళ్లో ఇంట్లోవాళ్లకు అవి ఒక్కొక్కటిగా దొరుకుతూ వచ్చాయి. ఆ తల్లిదండ్రులు పెట్టిన సంస్థా, అలాంటివే మరెన్నో కలిసి ఇప్పుడు ఒకే మూటగా డబ్బు పోగుచేసి పరిశోధనలు ఎంచుకుంటున్నాయి. తన బిడ్డ పేరును ఇంకో పది పేర్ల పక్కన పెట్టడానికి ఒప్పుకోవడం తేలిక కాదు. అయినా ఒప్పుకున్నారు.

కొందరు డబ్బుతో ఆగకుండా చట్టం దాకా వెళ్లారు. గాబ్రియెల్లా మిల్లర్‌కు 2012లో డిఐపీజీ బయటపడింది. కణితి అక్రోటుకాయంత ఉందని చెబితే, ఆ పిల్ల పెనం తీసుకుని అక్రోటుకాయలను పగలగొట్టేది. పగలగొట్టిన ప్రతిదీ తన కణితే అన్నట్టు. పదేళ్ల వయసులో, 2013 అక్టోబరులో పోయింది. పోవడానికి కొన్ని వారాల ముందు కెమెరా ముందు కూర్చుని, నాయకులు మాటలు మాని పని చేయాలని చెప్పింది. ఆరు నెలలు తిరగకుండానే ఆమె పేరుతో చట్టం వచ్చింది. రాజకీయ పార్టీల మహాసభలకు ఇచ్చే ప్రభుత్వ సొమ్మును తప్పించి, ఏటా 1.26 కోట్ల డాలర్ల చొప్పున పదేళ్లు పిల్లల జబ్బుల పరిశోధనకు అనుమతించారు. పిల్లల కణితుల జన్యు సమాచారాన్ని చదివి, పరిశోధకులందరికీ అందుబాటులో ఉంచడం దానితో జరిగింది. ఇంటింటా విరాళాలు అడిగి అంత మొత్తం తేవడం ఏ కుటుంబానికీ సాధ్యమయ్యేది కాదు.

ఇలాంటిదే మరో చట్టం, కాస్త చిక్కుముడి ఉన్నది. మెదడు కణితితో 2009లో కొడుకును పోగొట్టుకున్న నాన్సీ గుడ్‌మన్ అనే తల్లి పట్టుదలతో 2012లో వచ్చింది. పిల్లల అరుదైన జబ్బుకు మందు తెచ్చిన కంపెనీకి ప్రభుత్వం డబ్బివ్వదు, ఒక చీటీ ఇస్తుంది. ఆ చీటీతో మరేదైనా మందు దరఖాస్తును త్వరగా పరిశీలింపజేసుకోవచ్చు, లేదా చీటీని ఇంకో కంపెనీకి అమ్ముకోవచ్చు. న్యూరోబ్లాస్టోమాకు డైన్యుటుక్సిమాబ్ అనే మందు 2015 మార్చిలో అనుమతి పొందింది. దానికి దక్కిన చీటీ అదే ఏడాది 35 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. మరి ఆ మందును ఏళ్ల తరబడి పరీక్షించిందీ, చాలాకాలం తయారుచేసిందీ ప్రభుత్వ సొమ్మే. లాభం కంపెనీకి వెళ్లిందని బాధపడేవాళ్ల మాటలో న్యాయం ఉంది. నేనైతే ఆ చట్టాన్ని తప్పుపట్టలేను. లేని సంతను ఒక తల్లి పుట్టించింది. 2017లో వచ్చిన మరో చట్టం, పెద్దవాళ్ల క్యాన్సర్ మందు పనిచేసే గురి పిల్లల కణితుల్లోనూ ఉంటే పిల్లల్లో కూడా పరీక్షించి తీరాలని కంపెనీలను కట్టడి చేసింది. ఏఎల్‌కే కథ గుర్తుందిగా, సరిగ్గా అలాంటి సందర్భాల కోసమే.

ఇదంతా అమెరికా సంగతి. మనకేమిటి సంబంధం అంటే, ఈ కథ వేరు భీమవరంలో ఉంది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తన సోదరులిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోగొట్టుకున్నారు. ఆ జబ్బు ఆయననూ పట్టి వదిలింది. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, ఆపైన దానికి ఎదురుతిరిగి పనిచేసే రసాయనాలనూ చేసింది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947 చివర్లో రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. పదహారు మందిలో పదిమంది కోలుకున్నట్టే కనిపించారు, కొన్ని నెలల పాటు. అంతకుముందు ఆ జబ్బులో అలాంటి మలుపు ఎవరూ చూడలేదు. ఆ వ్యాసం 1948 జూన్‌లో వచ్చింది. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

ఆ ఏడాది మే నెలలోనే ఫార్బర్ పనికోసం రేడియోలో ఒక విజ్ఞప్తి వెళ్లింది. జిమ్మీ అని మారుపేరు పెట్టిన పన్నెండేళ్ల కుర్రాడు ఆసుపత్రి మంచం మీదనుంచి తన అభిమాన బేస్‌బాల్ ఆటగాళ్లతో మాట్లాడాడు. అడిగింది 20,000 డాలర్లు, ఆ ఏడాది వచ్చింది 2,31,000. పిల్లల క్యాన్సర్‌కు ప్రజల నుంచి విరాళాలు అడిగే పద్ధతికి అది పునాది. అయితే ఆత్మీయుల జ్ఞాపకంగా రక్త క్యాన్సర్ పరిశోధనకు డబ్బివ్వడం మన దేశంలో దానికంటే ముందే ఉంది. లుకేమియాతో 1931లో పోయిన భార్య మెహర్‌బాయి పేరిట దొరాబ్జీ టాటా 1932లో పెట్టిన నిధి ఇప్పటికీ దేశవిదేశాల్లో ఆ జబ్బు మీద పనిచేసేవాళ్లకు అందుతోంది. హైదరాబాదులో బసవతారకం ఆసుపత్రి కూడా ఒక భార్య జ్ఞాపకమే. ఆసుపత్రులు కట్టించిన చేతులు మనకు ఉన్నాయి. పరిశోధనకు ఇచ్చేవాళ్లే అరుదు.

ఇక మన దగ్గరి ఖాళీ ఎక్కడుందో చూద్దాం. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతున్నారని, ఎన్నో పేద, మధ్యాదాయ దేశాల్లో అది 30 శాతం లోపేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ తేడా కొత్త మందులవల్ల వచ్చింది కాదు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లుకేమియాకు వాడే మందుల్లో చాలావరకు పాతవే, చవకైనవే, ఇక్కడ తయారయ్యేవే.

శ్రీకాకుళం జిల్లాలోనో ఆదిలాబాదు జిల్లాలోనో ఒక పల్లెను తీసుకోండి. పిల్లవాడికి జ్వరం తగ్గడం లేదు, ఒంటి మీద నల్లమచ్చలు. ఆర్‌ఎంపీ దగ్గర రెండు వారాలు, పట్నంలో మరో రెండు వారాలు గడిచాక పెద్దాసుపత్రికి చేరారు. ఆరోగ్యశ్రీ లాంటి పథకం వైద్యం ఖర్చు భరిస్తుంది. బస్సు చార్జీ, గది అద్దె, పోయిన కూలి భరించదు. కొన్ని నెలల గట్టి చికిత్స తర్వాత పిల్లవాడు తేరుకుంటాడు, జుట్టు మళ్లీ మొలుస్తుంది, వీధిలో ఆడుకుంటాడు. చికిత్స మాత్రం రెండేళ్లకు పైగా సాగాలి. రోజూ రాత్రి ఒక మాత్ర, వారానికి ఒకరోజు పసుపు పచ్చని చిన్న మాత్రలు కొన్ని. ఆ పసుపు పచ్చ మాత్ర మెథోట్రెక్సేట్, సుబ్బారావు బృందం మందులకు తోడబుట్టింది. బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లోవాళ్లు ఆపేస్తారు. లేదా వచ్చిన జ్వరాన్ని మామూలు జ్వరం అనుకుంటారు. ఇలా పోయిన పిల్లల్ని బతికించే మందు ఎప్పుడో కనిపెట్టారు. వాళ్ల దాకా దాన్ని నడిపించే పద్ధతి మాత్రం ఇంకా కనిపెట్టాలి.

ఆ పద్ధతి కనిపెట్టడం కూడా పరిశోధనే. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రిలో పిల్లల విభాగం, చికిత్స మధ్యలో మానేసే కుటుంబాల లెక్క తీసి, కారణాలు అడిగి, బస, భోజనం, కౌన్సెలింగ్, ఫోను చేసి వెతికి పట్టుకునే ఏర్పాటు అన్నీ ఒకచోట పెట్టింది. దాదాపు ఐదుగురిలో ఒకరు మానేసే పరిస్థితి కొన్నేళ్లలోనే బాగా తగ్గింది. లుకేమియా పిల్లలకు మన దేశపు పరిస్థితుల్లో ఏ మోతాదు భద్రమో తేల్చడానికి ఐసికిల్ పేరుతో మన పెద్ద ఆసుపత్రులు కొన్ని కలిసి పరీక్షలు నడిపాయి. ఇక్కడి మార్కెట్లో దొరికే ఆస్పరాజినేజ్ మందు రకాల్లో కొన్నింటికి ఉండవలసిన శక్తి లేదని మన పరిశోధకులే కొలిచి చూపించారు. ఈ చివరి ప్రశ్న అమెరికాలో ఎవరూ అడగరు, వాళ్లకు ఆ అవసరం లేదు. మన బిడ్డల కోసం మనమే అడగాలి. దానికయ్యే ఖర్చు కొత్త మందు ఖర్చులో వెయ్యో వంతు కూడా ఉండదు. అందుకే మన దగ్గర ఒక బిడ్డ పేరిట ఇచ్చే డబ్బు ఇలాంటి పనులకు ముందు వెళ్లాలని నా గట్టి నమ్మకం.

బస ఇవ్వడం పరిశోధన కాదు కదా అని కొందరు అంటారు. కాదు. సెయింట్ జూడ్ ఇండియా లాంటి సంస్థలు ముంబయిలో, హైదరాబాదులో, ఇతర నగరాల్లో వైద్యానికి వచ్చిన కుటుంబాలకు ఉచితంగా గది ఇస్తున్నాయి. అదీ ప్రాణం నిలిపేదే. ఇచ్చే ముందు ఏది దేనికో తెలిసి ఇస్తే చాలు. ఫోనులో తిరిగే ఫలానా బిడ్డ చికిత్స విజ్ఞప్తి ఒకటి, ఆసుపత్రి పేదరోగుల నిధి ఇంకొకటి, బస మరొకటి, పరిశోధన వేరొకటి. ‘క్యాన్సర్ పిల్లల కోసం’ అన్న ఒకే మాట కింద నాలుగూ కలిసిపోతుంటాయి.

పరిశోధనకే ఇవ్వాలనుకుంటే సొంత ట్రస్టు పెట్టడం మొదటి ఆలోచన కాకూడదు. ఏటా ఆడిట్, దస్తావేజులు, ట్రస్టీల మధ్య తగాదాలు, వీటి మధ్య దుఃఖానికి చోటుండదు. పరిశోధన చేసే ఆసుపత్రిలోనో విశ్వవిద్యాలయంలోనో బిడ్డ పేరిట నిధి పెట్టమని అడగవచ్చు. ప్రాజెక్టులు ఎవరు ఎంపిక చేస్తారు, బయటి నిపుణులు చూస్తారా, నిర్వహణ ఖర్చులకు ఎంత పోతుంది, ఫలితం రాకపోయినా ఆ సంగతి చెబుతారా అని అడగాలి. ఆ నాలుగో ప్రశ్నకు సూటిగా ‘చెబుతాం’ అన్నవాళ్లనే నేను నమ్ముతాను. ఆదాయపు పన్నులో 80జీ పేరుతో అందరికీ తెలిసిన మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది, 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే అదీ ఉండదు.

విదేశాల్లోని తెలుగువారికి ఇంకొక చిక్కుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా, విదేశీ విరాళమే. పుచ్చుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి. మంచి మనసుతో పంపిన మొత్తం తిరిగి వెళ్లిపోకుండా ముందే కనుక్కోవడం మేలు.

ఈ పని మొదలుపెట్టిన కుటుంబాలకు ఒక బరువు కూడా ఉంటుంది. ఏటా పుట్టినరోజుకు అందరూ ‘ఈసారి ఏం చేస్తున్నారు?’ అని అడుగుతారు. బిడ్డ ఫొటోను పదేపదే చూపించాలి, అదే కథ మళ్లీ చెప్పాలి. ఐదేళ్ల తర్వాత ఇక చేతకాదని ఆపేస్తే అది బిడ్డను మరచిపోవడం కాదు. అలసిపోయిన తల్లిని నిలదీసే హక్కు ఎవరికీ లేదు. అసలు ఏమీ చేయకుండా బిడ్డ చొక్కాలను మడిచి బీరువాలో దాచుకున్న తల్లి కూడా ఎవరికంటే తక్కువ కాదు.

కణితిని ఇచ్చిన కుటుంబాల దగ్గరికి మళ్లీ వస్తాను. కణజాలం ప్రయోగశాలకు చేరగానే మొదట తీసేసేది పేరే. గోప్యత కోసం ఒక గుర్తు రాస్తారు. స్టాన్‌ఫర్డ్‌లో పెరిగిన ఆ కణాలకు ఎస్‌యూ-డిఐపీజీ-IV, ఎస్‌యూ-డిఐపీజీ-VI, ఎస్‌యూ-డిఐపీజీ-XIII అని రోమన్ అంకెలు వేశారు. వాటిని అడిగిన ఇతర ప్రయోగశాలలకు చిన్న సీసాల్లో, గడ్డకట్టే చలిలో పెట్టి పంపుతారు. ఎక్కడో ఒక విద్యార్థి గోరువెచ్చని నీటి తొట్టిలో ఆ సీసాను కరిగించి, పళ్లెంలో పోసి, మర్నాడు పొద్దున్నే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తుంది. కణాలు బతికే ఉంటాయి, రెండుగా విడిపోతుంటాయి. సీసా మీద పేరు లేదు. ఆ అంకె తమ బిడ్డదని తెలిసిన వాళ్లు ఏదో ఊళ్లో, ఏదో ఇంట్లో, ఆ పూట కూడా ఆ పేరును పలుకుతూ ఉంటారు.